మందుల వెనుక మనుషులు – 17: ఊపిరి పోసిన పంపు, ఉసురు తీసిన పంపు

1967 జూన్‌లో బ్రిటన్ డాక్టర్లకు అక్కడి మందుల భద్రతా సంఘం నుంచి ఒక ఉత్తరం అందింది. ఉబ్బసం రోగులు వాడుతున్న స్ప్రే డబ్బాల విషయంలో జాగ్రత్తగా ఉండండి, మోతాదు మించితే ప్రాణం మీదికి రావచ్చు అన్నది దాని సారాంశం. అప్పటికే జరగాల్సింది చాలా జరిగిపోయింది. ఆరేడేళ్లుగా ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉబ్బసం చావులు ఏటేటా పెరుగుతూ వస్తున్నాయి. పోతున్నది పండుటాకులు కాదు, 5 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లు. 10–14 ఏళ్ల పిల్లల్లోనైతే చావులు ఏడెనిమిది రెట్లయ్యాయి. కొందరి పక్కన ఖాళీ అయిన మందు డబ్బా దొరికేది.

అంతకుముందు ఉబ్బసం మనిషిని జీవితమంతా సతాయిస్తుందే తప్ప చంపదని వైద్యులు నమ్మేవారు. ఆస్లర్ అంతటి మహావైద్యుడు కూడా ఉబ్బసం రోగి ఆయాసపడుతూనే ముసలితనం దాకా బతికేస్తాడన్న అర్థం వచ్చేలా రాశాడు. అలాంటి జబ్బు ఒక్కసారిగా పిల్లల్ని ఎందుకు పొట్టన పెట్టుకుంటోంది? అదీ మునుపెన్నడూ లేనంత మంచి మందు చేతికొచ్చాక?

గత సంచికలో టకమినె జొకిచి 1901లో అడ్రినలిన్‌ను శుద్ధంగా వేరుచేయడం, 1903లో న్యూయార్క్ డాక్టర్లు దాన్ని ఉబ్బసానికి సూదిమందుగా ఇవ్వడం దాకా చెప్పుకున్నాం. ఈసారి అక్కడి నుంచి ముందుకు పోవాలి. పోయేముందు ఒకసారి మద్రాసు వెళ్లి రావాలి.

ఉమ్మెత్త పొగ

1802 నాటికి మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి ఫిజీషియన్ జనరల్ జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండ్ డాక్టరు. వైద్యం కన్నా మొక్కల మీదే మోజెక్కువ. రంగు కోసం కొచినీల్ పురుగును పెంచాలని సైదాపేటలో నాగజెముడు తోట వేసిన మనిషి. ఇక్కడివాళ్లు ఆయాసం వచ్చినప్పుడు ఎండిన ఉమ్మెత్తను కాల్చి ఆ పొగ పీల్చడం ఆయన దృష్టిలో పడింది. ఆయన చెప్పగా జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ కిటుకును ఇంగ్లండ్‌కు మోసుకుపోయాడు. అక్కడ దొరికే మరో జాతి ఉమ్మెత్తతో బ్రిటన్ వైద్యులు అదే పని మొదలుపెట్టారు. వందేళ్లు గడిచేసరికి యూరప్ మందుల షాపుల్లో ఉబ్బసం సిగరెట్లు, ఉబ్బసం పొడులు అమ్ముడవుతున్నాయి. పారిస్‌లో నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ చప్పుడు చొరబడకుండా గోడలకు బెండు పలకలు కొట్టించుకున్న గదిలో ఈ పొగల మధ్యే రాసుకుంటూ కూర్చునేవాడు.

ఇది నాటువైద్యమని నవ్వేసే సంగతి కాదు. ఊపిరితిత్తుల్లోకి గాలి పోయే సన్న గొట్టాల చుట్టూ కండరపు పోగులుంటాయి. మెడ మీదుగా దిగే వేగస్ నరం అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదిలితే అవి బిగుసుకుంటాయి. ఉమ్మెత్తలోని అట్రోపిన్, దాని తోబుట్టువులు ఆ రసాయనాన్ని కండరం అందుకోకుండా అడ్డం పడతాయి. గొట్టం కాస్త వదులవుతుంది. చిక్కేమిటంటే అదే అసిటైల్‌కోలిన్‌తో ఒళ్లంతా పని నడుస్తుంది. అందుకే నోరు పిడచగట్టుకుపోవడం, కనుపాప విచ్చుకుని చూపు మసకబారడం, గుండె దడ, మోతాదు మించితే మతి చలించడం. ఉమ్మెత్తకాయ తిన్నవాడి వాలకం ఎలా ఉంటుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తర్వాతి కాలంలో రసాయనజ్ఞులు అట్రోపిన్‌కు చిన్న మార్పు చేశారు. దాని అణువు మీద విద్యుదావేశం నిలిచి ఉండేలా చేస్తే పీల్చిన చోటి నుంచి రక్తంలోకి సులువుగా దిగదు, మెదడులోకి దాదాపుగా పోదు. అదే ఇప్రాట్రోపియం. ఆసుపత్రిలో తాతగారికి నెబ్యులైజర్ పెట్టేటప్పుడు కప్పులో పోసే మందుల్లో ఒకటి ఇదే. 2000ల మొదట్లో వచ్చిన టియోట్రోపియం రోజుకోసారి పీలిస్తే చాలు. ఏళ్ల తరబడి చుట్టలు, బీడీలు తాగినవాళ్లకీ, కట్టెల పొయ్యి పొగలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆడవాళ్లకీ ఇవి బాగా పనికొస్తాయి. మతి చలించే ప్రమాదం తప్పింది గానీ వంశం వాసన పూర్తిగా పోలేదు. నోరెండుతుంది, ప్రోస్టేట్ వాచిన పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకోవచ్చు, మాస్కు సరిగా కూర్చోక తుంపర కంట్లో పడితే నీటికాసులున్నవాళ్లకు కన్ను పోటెత్తవచ్చు.

మనది ఇంకో మొక్క కూడా ఉంది. దగ్గుకు పెరట్లోని అడ్డసరం ఆకు కషాయం తాగిన తరం ఇంకా బతికే ఉంది. ఆ ఆకులోని వాసిసిన్‌ను అనుసరించే 1960ల్లో కఫాన్ని పలచన చేసే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. మందుల షాపులో ఎర్ర సిరప్ కొన్నప్పుడు సీసా వెనక్కి తిప్పి చూడండి, చాలావాటిలో ఆ పేరు కనిపిస్తుంది. పక్కనే టెర్బ్యుటలిన్ అనే పేరు కూడా ఉంటే, ఆ సిరప్ తాగాక పిల్లాడి చేతులు ఎందుకు వణుకుతున్నాయో ఈ వ్యాసం చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కూతురు అడిగిన ప్రశ్న

అడ్రినలిన్ ఉమ్మెత్తకు సరిగ్గా ఎదురుదారిలో పనిచేస్తుంది. బిగించే నరానికి అడ్డం పడకుండా, వదులుచేసే యంత్రాంగాన్నే తట్టిలేపుతుంది. కానీ నోటితో మింగితే పేగు, కాలేయం దాన్ని నాశనం చేసేస్తాయి కాబట్టి సూదే గతి. గుండెను పరిగెత్తిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. 1940లో వియన్నాలో హెరిబెర్ట్ కొంజెట్ అనే పరిశోధకుడు అడ్రినలిన్‌ను కొద్దిగా మార్చిన ఐసోప్రెనలిన్‌ను పరీక్షించి చూశాడు. ఇది రక్తపోటును అంతగా పెంచదు, ఊపిరి గొట్టాలను చక్కగా విప్పుతుంది. గుండెను మాత్రం వదలదు.

ఎందుకు వదలదో 1948లో అమెరికాలో రేమండ్ ఆల్క్విస్ట్ ఒక దారి చూపాడు. అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలు ఒళ్లంతా ఒకే రకం కావని, రెండు రకాలుంటాయని చెప్పి వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఊపిరి గొట్టాలవీ, గుండెవీ రెండూ బీటాలే. అలాంటప్పుడు ఒకదాన్ని తట్టి రెండోదాన్ని వదిలేయడం ఎలా? ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా లాస్ ఏంజెలెస్‌లో మరో ప్రశ్న పుట్టింది. రైకర్ లేబరేటరీస్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జ్ మేసన్ కూతురికి ఉబ్బసం. పదమూడేళ్ల పిల్ల. ఆ రోజుల్లో ఇంట్లో మందు పీల్చాలంటే రబ్బరు బుర్ర తగిలించిన గాజు బుడ్డి ఒకటుండేది. ఎంత నొక్కితే ఎంత మందు వస్తుందో ఎవరికీ తెలియదు, చెయ్యి జారితే పగిలిపోతుంది. 1955లో ఆ పిల్ల, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందును కూడా డబ్బాలో పెట్టకూడదా అని తండ్రిని అడిగింది. మేసన్ కంపెనీలోని ఇర్వింగ్ పోరుష్‌కు ఆ పని అప్పజెప్పాడు. అత్తరు సీసాల కోసం చేసిన, నొక్కిన ప్రతిసారీ కొలత తప్పకుండా ఒకే పరిమాణం వదిలే కవాటం దానికి కలిసొచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1956 మార్చిలో, అడ్రినలిన్‌తో ఒకటి, ఐసోప్రెనలిన్‌తో ఒకటి, రెండు డబ్బాలు బజార్లోకి వచ్చాయి. ఈనాటికీ మనం పంపు అని పిలుచుకునే వస్తువు పుట్టింది అలా.

దాని గొప్పతనం తక్కువ చేయకూడదు. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరిగి, అందులో ఏ కొంచెమో ఊపిరితిత్తులకు చేరుతుంది. పీల్చింది నేరుగా జబ్బున్న చోటికే పోతుంది కాబట్టి మిల్లీగ్రాముల్లో ఇవ్వాల్సిన మందు మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. రాత్రి రెండింటికి కిటికీ చువ్వలు పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, మాట కూడా రాక కూర్చున్న రోగికి అది దేవుడే దిగొచ్చినట్టుంటుంది.

లెక్క తేలిన తీరు

1960ల మొదట్లో బ్రిటన్‌లో ఈ డబ్బాల అమ్మకాలు ఎగబాకాయి. డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. కొన్ని దేశాల్లో ఐదు రెట్లు బలమైన ‘ఫోర్ట్’ రకం కూడా వచ్చింది. మామూలు డబ్బా ఒక్క నొక్కుకు 0.08 మిల్లీగ్రాముల ఐసోప్రెనలిన్ ఇస్తే ఇది 0.4 ఇచ్చేది.

పొగాకుకూ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ సంబంధం తేల్చిన రిచర్డ్ డాల్, ఫ్రాంక్ స్పీజర్, పీటర్ హీఫ్ 1968లో మరణాల పట్టికలు ముందేసుకుని ఒక్కో కారణాన్నీ కొట్టేస్తూ వచ్చారు. జబ్బు ఎక్కువమందికి వస్తోందా? ఆధారం లేదు. డాక్టర్లు మరణ కారణం వేరేగా రాస్తున్నారా? అదీ కాదు. జబ్బు స్వభావం మారిందా? ఒక్క వయసు వాళ్లలోనే అంత హఠాత్తుగా ఎలా మారుతుంది? మిగిలింది మందే. పదేళ్ల పిల్లకు డబ్బా తానే కొట్టుకోవడం వచ్చు, ఎప్పుడు ఆపాలో తెలియదు. చిన్నపిల్లలకైతే అమ్మ కొడుతుంది కాబట్టి లెక్క ఉంటుంది. 10–14 ఏళ్ల వాళ్లే ఎక్కువగా పోవడానికి నాకు తోచిన అన్నిటికన్నా నమ్మదగిన వివరణ ఇదే.

మరుసటి ఏడాది మందుల భద్రతా సంఘంలోని విలియం ఇన్మన్, ఏబ్రహాం ఆడెల్‌స్టైన్‌తో కలిసి రెండు గీతలు గీసి చూపించాడు. ఒకటి డబ్బాల అమ్మకాలు, రెండోది చావులు. 1967 హెచ్చరిక తర్వాత, 1968లో డాక్టరు చీటీ తప్పనిసరి చేశాక, రెండు గీతలూ కలిసే కిందికి దిగాయి. ఆ ఏళ్లలో అదనంగా పోయిన ప్రాణాలు మూడు వేలకు పైనే. 1972లో అమెరికా పరిశోధకుడు పాల్ స్టాలీ దేశాల వారీగా చూస్తే, బలమైన రకం అమ్మిన చోట్లే చావులు ఎగిశాయి. దానికి అనుమతివ్వని అమెరికాలో అలాంటి ఉప్పెన లేదు.

మందే గుండెను ఆపిందా, లేక మందు ఇచ్చే ఉపశమనం చూసుకుని ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లడం వల్ల పోయారా అన్న తగాదా మాత్రం చాలాకాలం నడిచింది. నన్నడిగితే ఆ రెండింటినీ విడదీయడమే తప్పు. ఉబ్బసం అంటే కండరం బిగుసుకోవడం ఒక్కటే కాదు. గొట్టం లోపలి పొర వాస్తుంది, జిగురు కఫం గడ్డకట్టి దారి మూసేస్తుంది. డబ్బా మందు కండరాన్ని వదులు చేస్తుందే తప్ప వాపునూ కఫాన్నీ ముట్టుకోదు. ఇల్లు అంటుకుంటే కిటికీలు తెరిచి పొగ బయటికి పంపినట్టన్నమాట. ఊపిరి ఆడుతుంది కాబట్టి మంట ఆరిపోయిందనుకుంటాం. వాపు ముదిరిపోయి, ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోయిన గంటలో గుండెను ఉరకలెత్తించే మందు పదేపదే పీలిస్తే ఏమవుతుంది? చావుకు కారణం మందు, జాప్యం రెండూ. జాప్యానికి కారణం మళ్లీ మందే.

గని కార్మికుడి కొడుకు

లండన్‌కు ఉత్తరాన వేర్ అనే చిన్న ఊళ్లో, గ్లాక్సోకు చెందిన అలెన్ అండ్ హాన్‌బరీస్ పరిశోధనశాలకు అధిపతి డేవిడ్ జాక్. స్కాట్లండ్‌లో బొగ్గుగని కార్మికుడి కొడుకు. మందుల షాపు పనితో మొదలుపెట్టి పైకొచ్చినవాడు. ఐసోప్రెనలిన్‌తో వచ్చిన పేచీలు రెండని ఆయన లెక్క. గుండెనూ తడుతుంది; ఒంట్లోని ఒక ఎంజైము దాన్ని ఇట్టే పనికిరాకుండా చేసేస్తుంది కాబట్టి గంట తిరిగేసరికి మళ్లీ కొట్టుకోవాలి. జాక్ బృందం అణువులో ఎంజైము కొరికే చోట చిన్న మార్పు చేసింది, రెండో కొసన బరువైన గుంపు తగిలించింది. 1967లో అమెరికాలో లాండ్స్ బృందం బీటా గ్రాహకాలు మళ్లీ రెండు రకాలని, గుండెలో ఎక్కువగా బీటా–1, ఊపిరి గొట్టాల్లో బీటా–2 ఉంటాయని ప్రకటించింది. జాక్ చేతిలోని కొత్త మందు సరిగ్గా బీటా–2 వైపు మొగ్గేది. అదే సాల్బ్యుటమాల్. 1969లో బజారుకొచ్చింది. మన షాపుల్లో ఆస్తాలిన్ అని అడిగితే ఇచ్చే నీలం రంగు పంపులో ఉన్నది ఇదే. అయిదు నిమిషాల్లో పని మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు గంటలు నిలుస్తుంది.

పని తీరు సూటిగా చెప్పాలంటే ఇదీ: బీటా–2 గ్రాహకాన్ని మందు తట్టగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహర రసాయనం పెరుగుతుంది, కండరపు పోగు పట్టు వదిలేస్తుంది. కానీ బీటా–2లు ఊపిరి గొట్టాల్లోనే లేవు. చేతి కండరాల్లో ఉన్నాయి, అందుకే వేళ్లు వణుకుతాయి. దగ్గు సిరప్‌లోని టెర్బ్యుటలిన్‌దీ ఇదే బాపతు. రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, అందుకే నెబ్యులైజర్ మీద నెబ్యులైజర్ పెట్టినప్పుడు ఆసుపత్రిలో పొటాషియం పరీక్ష చేయిస్తారు. గుండెలోనూ కొన్ని బీటా–2లు ఉన్నాయి, దడ అందుకే. వీటిలో చాలావరకు కాసేపటికి సద్దుమణిగేవే. భయపడాల్సింది వీటికి కాదు, రోజూ అదొక్కటే వాడి అంతా బాగుందనుకోవడానికి.

గళ్లలో కనిపించిన కణాలు

మంట సంగతి పట్టించుకున్న మందు ఒకటి అప్పటికే ఉంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన మహిళకు కార్టిజోన్ ఇస్తే ఆమె రోజుల వ్యవధిలో లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ బహుమతి. అదే ఏడాది ఉబ్బసానికీ వాడి చూశారు, పనిచేసింది. తర్వాత మరింత బలమైన ప్రెడ్నిసొలోన్ మాత్రలొచ్చాయి. స్టెరాయిడ్ కణం కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కేస్తుంది. అందుకే నిమిషాల్లో పనిచేయదు, గంటలు పడుతుంది. పూర్తి ఫలితానికి రోజులు, వారాలు. నెలల తరబడి మింగితే ముఖం చంద్రబింబంలా ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లం, పిల్లల్లో ఎదుగుదల తగ్గడం. ఒంట్లోని అడ్రినల్ గ్రంథి తన పని మానుకుని కూర్చుంటుంది కాబట్టి హఠాత్తుగా ఆపితే అదో గండం.

ఇంగ్లండ్‌లోని డర్బీలో హ్యారీ మోరో బ్రౌన్ అనే డాక్టరుకు అందరిలో కనిపించని అలవాటొకటి ఉండేది. ప్రతి ఉబ్బసం రోగి గళ్లనూ గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో స్వయంగా చూసేవాడు. గళ్లలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు దండిగా ఉన్నవాళ్లకు ప్రెడ్నిసొలోన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, లేనివాళ్లకు చేయట్లేదు. 1958లో ఈ సంగతి లాన్సెట్‌లో రాశాడు. పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. ఈలోగా జాక్, చర్మానికి పూసే బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పంపులో పెట్టాలనుకున్నాడు. ఊపిరితిత్తుల పొర మీద పని చేసి, మింగిన భాగం కాలేయంలో చాలామటుకు విరిగిపోతే ఒంటికి తగిలేది కొంచెమే అన్నది ఆలోచన. దాన్ని సరైన రోగుల మీద పరీక్షించగలిగినవాడు మోరో బ్రౌన్, ఎందుకంటే ఎవరి గళ్లలో ఏముందో ఆయనకే తెలుసు. 1972లో ఫలితాలు వచ్చాయి. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రల మీద బతుకుతున్నవాళ్లలో చాలామంది మాత్రలు మానేసి పంపుతో గడిపేయగలిగారు. నా లెక్కలో ఈ ధారావాహికలో వచ్చిన ఆవిష్కరణలన్నిటిలోకీ తగినంత పేరు రానిది ఇదే.

ఇయోసినోఫిల్స్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ కథలో మదనపల్లె ఉంది. పక్కనే ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో ఫ్రిమోట్–మోలర్, బార్టన్ అనే డాక్టర్లు 1940లో ఒక వింత రాశారు. రాత్రిళ్లు ఆగని దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో క్షయలాగే మచ్చలు. గళ్లలో క్షయ క్రిమి మాత్రం లేదు, రక్తం నిండా ఇయోసినోఫిల్స్. అది క్షయ కాదని వాళ్లు గుర్తుపట్టారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు. బోదకాలు పురుగుల మీద శరీరం చేసే అతి తిరుగుబాటే దాని మూలమని తర్వాత తేలింది. ఈ రోజుకీ దానికిచ్చే మందు డైఇథైల్‌కార్బమజైన్, 1940ల్లో లెడర్లీలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనలో వచ్చింది. మూడు వారాలు వాడితే చాలామందిలో ఆ ‘ఉబ్బసం’ కరిగిపోతుంది. పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు.

పీల్చే స్టెరాయిడ్‌కూ చెడుగులు లేకపోలేదు. పంపు నుంచి వచ్చిన మందులో చాలా భాగం నోట్లో, గొంతులో పడుతుంది. అక్కడ తెల్లపూత లేస్తుంది, గొంతు బొంగురుపోతుంది. పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే, పంపుకు స్పేసర్ గొట్టం తగిలిస్తే అది చాలావరకు తప్పుతుంది. ఎక్కువ మోతాదులో ఏళ్లపాటు వాడితే మాత్రల ఇబ్బందులు కొన్ని ఇక్కడా తొంగిచూస్తాయి. పిల్లల్లో తొలి ఏడాది ఎదుగుదల సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. అదుపులో లేని ఉబ్బసం ఆ పిల్లల్ని చేసే చెరుపు ముందు ఇదెంత?

అదే కథ మళ్లీ

ఇంత తెలిశాక పాత పొరపాటు తిరిగి జరగదనుకుంటాం. 1976లో న్యూజిలాండ్‌లోకి ఫెనోటెరాల్ వచ్చింది. ఒక్క నొక్కులో సాల్బ్యుటమాల్‌కు రెండింతల మోతాదు, బీటా–2 వైపు మొగ్గు తక్కువ. ఆ దేశంలో ఉబ్బసం చావులు మళ్లీ నిట్టనిలువుగా లేచాయి. వెల్లింగ్టన్‌లో జూలియన్ క్రేన్, నీల్ పియర్స్, రిచర్డ్ బీజ్లీ, కార్ల్ బర్జెస్ అనే పరిశోధకులు 1989లో లాన్సెట్‌లో దాన్ని వేలెత్తి చూపారు. కంపెనీ గట్టిగా ఎదిరించింది. పేరున్న నిపుణులు పద్ధతి తప్పన్నారు. ప్రభుత్వం వాడకాన్ని కట్టడి చేశాక చావులు సగానికి పైగా తగ్గాయి. తగాదా చేసినవాళ్లకు అంతకన్నా జవాబు అక్కర్లేదనుకుంటా.

పన్నెండు గంటలు నిలిచే సాల్మెటెరాల్ మూడో మలుపు. అదీ జాక్ పరిశోధనశాల బిడ్డే. 26,355 మందితో అమెరికాలో జరిపిన పరీక్షలో సాల్మెటెరాల్ పీల్చినవాళ్లలో ఉబ్బసంతో 13 మంది పోతే, ఉత్తుత్తి మందు పీల్చినవాళ్లలో ముగ్గురు పోయారు. 2003లో దాన్ని మధ్యలోనే ఆపి, డబ్బా మీద నల్లగీతల హెచ్చరిక వేయించారు. అదే మందును స్టెరాయిడ్‌తో కలిపి ఒకే పంపులో ఇచ్చినప్పుడు ఆ ప్రమాదం కనబడలేదని పెద్ద పరీక్షలు చూపాక 2017లో జంట పంపుల మీద హెచ్చరిక తీసేశారు. 2019లో అంతర్జాతీయ ఉబ్బసం సంస్థ గినా, పన్నెండేళ్లు దాటిన ఎవరికీ నీలం పంపు ఒక్కటే ఇవ్వొద్దని తేల్చి చెప్పింది. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే పంపులో కూడా స్టెరాయిడ్ ఉండాలని, అందుకు ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ జంట మేలని దాని మాట. సాల్బ్యుటమాల్ వచ్చి అప్పటికి సరిగ్గా యాభై ఏళ్లు.

మిగిలిన రెండు మందుల సంగతి క్లుప్తంగా. ఉబ్బసానికి చిక్కటి కాఫీ మందని 1860 నాటికే లండన్‌లో హెన్రీ హైడ్ సాల్టర్ రాశాడు. కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి చుట్టమైన థియోఫిలిన్‌ను 1888లో టీ ఆకు నుంచి తీశారు. మన ఆర్‌ఎంపీ డాక్టర్ల చేతి సంచిలో ఈనాటికీ ఉండే డెరిఫిలిన్ ఈ కోవదే. పనిచేసే మోతాదుకూ వికటించే మోతాదుకూ మధ్య ఎడం బహు తక్కువ: వాంతులు, దడ, నిద్రపట్టకపోవడం, మరీ మించితే ఫిట్సు. దీనితోపాటు సిప్రోఫ్లాక్ససిన్‌లాంటి యాంటీబయాటిక్ పడితే రక్తంలో స్థాయి ఎగబాకుతుంది. ఇక జలుబుకీ తుమ్ములకీ చాక్లెట్లలా పంచుతున్న మాంటెలుకాస్ట్ 1998లో వచ్చింది. వాపు పుట్టించే ల్యూకోట్రైన్లను అడ్డుకుంటుంది, స్టెరాయిడంత గట్టిది కాదు. కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020 మార్చిలో అమెరికా దాని మీద కూడా నల్లగీతల హెచ్చరిక వేసింది. మాంటెలుకాస్ట్ మొదలుపెట్టాక పిల్లాడి తీరు మారిందనిపిస్తే డాక్టరుకు చెప్పండి.

మన దగ్గర పంపు అంటే ఇంకా జంకే. పెళ్లి కావాల్సిన పిల్ల అందరి ముందూ పంపు కొట్టుకోవడమేమిటంటారు, ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదంటారు. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో కొర్రమీనుతో మందు మింగడానికి బారులు తీరతారు. ఆయాసం ఎక్కువైతే ఒక డెరిఫిలిన్, ఒక డెక్సామెథసోన్ సూది వేయించుకుని ఇంటికొస్తారు. ఆ డెక్సామెథసోన్ కూడా స్టెరాయిడే, పంపులోని దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది. పంపులోని స్టెరాయిడ్‌కు భయపడి సూదిలోని స్టెరాయిడ్ ఎక్కించుకోవడం నాకెప్పటికీ అర్థం కాని బేరం.

కనుక ఇంట్లో నీలం పంపు వాడేవాళ్లుంటే ఒక పని చేయండి. 200 మోతాదుల డబ్బాలు ఏడాదిలో ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. మూడు లేదా అంతకన్నా ఎక్కువైతే జబ్బు అదుపులో లేనట్టు, పన్నెండుకు చేరితే ప్రాణాపాయం పెరిగినట్టు అని గినా చెబుతోంది. ఆ లెక్క తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, సొంతంగా ఏదీ మానకండి. వచ్చే సంచికలో 1956 నాటి మద్రాసుకు, క్షయ రోగిని శానిటోరియంలో కాకుండా ఇంట్లోనే ఉంచి నయం చేయవచ్చని నిరూపించిన ప్రయోగం దగ్గరికి వెళదాం.